మైకులో పిలిస్తే పిలిచినట్టా

నేను చెప్పబోయే వరదలు రెండు. మొదటిది మే నెల ఎండలో, బడి గదిలో, చాప మీద వచ్చింది. రెండోది కార్తీక మాసంలో నిజంగానే వచ్చింది. మొదటిదాంట్లో మా అత్త మునిగిపోయింది. రెండోదాంట్లో పట్టుచీర కట్టుకుంది. మొదటిది రాకపోయి ఉంటే రెండోదాంట్లో ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కుట్టుమిషను మీద నా కాలు ఆగిపోతుంది.

మా ఊరు కోయిలకుంట్ల నుంచి ఆటోలో పోయేంత దూరం. మాది కింది వీధి. వీధి వెంటే వంక, వంకను ఆనుకుని మొదటి ఇల్లు మాది. వంక అని పేరే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో మేకలు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. పైనున్న చెరువు నిండి మరవ పారితే మాత్రం, అంటే చెరువులో పట్టని నీళ్లు పక్కనుంచి పొర్లితే, ఆ నీళ్లన్నీ మా గడప ముందు నుంచే పోవాలి. నా మొగుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. వాన పడిన రోజు ఊళ్లో ఉన్న పాపాన పోలేదు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త, నా కుట్టుమిషను. ఇంటికి ముందు గోడ సిమెంటు, వెనక వంటింటి గోడ మట్టిది. ఆ మట్టి గోడ పక్కనే మా అత్త కూర్చునే చోటు.

అంతకుముందు ఏడాది వంక పొంగింది. ఊళ్లో ఎత్తు మీదున్నది చర్చి ఒక్కటే, రాతి కట్టడం, తాతల కాలం నాటిది. వాన ఎక్కువైతే ఏ కులం వాళ్లయినా, ఏ దేవుడి వాళ్లయినా చర్చికే ఎక్కుతారు. పాస్టరమ్మ మైకులో పిలిచింది, వీధి వీధంతా చాపలు చంకన పెట్టుకుని పోయింది. మా అత్త కదల్లేదు. చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమెను వదిలి నేనెట్లా పోతాను. మిషను తీసి మంచం మీద పెట్టి, నేనూ మంచం ఎక్కి కూర్చున్నాను. నీళ్లు గడప దాకా వచ్చి, ఏమనుకున్నాయో, వెనక్కి పోయాయి. వెనక గోడ మాత్రం అడుగున నానిపోయింది. అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. ఇంకోసారి పొంగితే ఈమెను ఎట్లా లేపాలి.

మొండితనం అనుకుంటారేమో. దానికో కథ ఉంది. మా ఆడబిడ్డ పెళ్లికి మా అత్త పాస్టరమ్మ ఇంటికి స్వయంగా పోయింది. కార్డు, అరటిపండ్లు చేతిలో పెట్టి, కాసేపు కూర్చుని, మీరు రాకపోతే పెళ్లి జరగదు అన్నంత మర్యాదగా పిలిచి వచ్చింది. తర్వాత పాస్టరమ్మ కూతురి పెళ్లి కుదిరింది. పాపం పాస్టరమ్మకు ఇంట్లో మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. ఆదివారం ప్రార్థన అయ్యాక మైకు పట్టుకుని, ఊరందరూ రావాలి, ఇదే పిలుపు అనుకోండి అని చెప్పేసింది. మా అత్త అప్పుడు వాకిట్లో గిన్నెలు తోముతోంది. బూడిద చేతులతో పెళ్లి పిలుపు విన్నది. ఊరంతా పోయి బిర్యానీ తిని వచ్చింది. మా అత్త పోలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు, చర్చి మెట్టు ఎక్కిందీ లేదు. వాళ్ల పద్ధతిలో బొట్టు పెట్టి పిలవరు, అది మా అత్తకూ తెలుసు. బొట్టు లేకపోతే పోయె, మనిషి వాకిట్లోకి వచ్చి నోరు తెరిచి రమ్మనాలి కదా అనేది ఆమె బాధ.

ఇక వరద చెప్పే మైకూ అదే. అదే గొంతు, అదే హారను, మా వేపచెట్టు వైపే తిప్పి ఉంటుంది.

ఇట్లా ఉండగా కర్నూలు నుంచి ఒక కాలేజీ పాప వచ్చింది. బ్యాగు జిప్పు పోయిందని నా దగ్గరికి వచ్చింది. జిప్పు వేస్తూ నేను అడిగిన ప్రశ్నలకు ఆ అమ్మాయి నీళ్లు నమలకుండా జవాబులు చెప్పింది. వరద వచ్చినప్పుడు ఎవరు ఎప్పుడు ఏ నిర్ణయం తీసుకుంటారో చదువుతోందట. నిజం వరదలో మనుషుల పక్కన నిలబడి ఎందుకు ఇట్లా చేశారని అడగలేం కాబట్టి, ఆట ఆడించి అందులో చూస్తారట. మరి ఈ ఎండలో వరద యాడ దొరుకుతుంది అన్నాను. బ్యాగులోనే ఉంది అక్కా అంది.

నిజంగానే ఉంది. బడి గదిలో చాప పరిచి దాని మీద పెద్ద ఫ్లెక్సీ పరిచింది. ఫ్లెక్సీ మీద మా ఊరే. చెరువు, కట్ట, వంక, చర్చి, పై వీధి, కింది వీధి. మా ఇల్లు చిన్న చదరంగా ఉంది. దాన్ని చూడగానే మా అత్త వంగి, వేపచెట్టు యాడ పోయింది అని అడిగింది. ఆ పాప పెన్ను తీసి చెట్టు గీసేదాకా ఊరుకోలేదు.

ఆట ఇట్లా ఉంటుంది. మనిషికొక చెక్క బొమ్మ. ఆ పాప కంప్యూటరు చూసి వాన ఎంత పడిందో చెబుతుంది. ఎవరి పని వాళ్లు చేయాలి. నీళ్లు ఎక్కడికి వస్తే అక్కడ నీలం బిళ్లలు పెడుతుంది. బిళ్ల పడేలోపల బొమ్మ ఎత్తు మీదికి పోకపోతే మునిగినట్టు. గెలవడం, ఓడటం లేదు, ఎందుకట్లా చేశారో చెబితే చాలు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఎవరూ వినలేదు. ఆట అన్నాక గెలవకపోతే ఎట్లా.

జనాన్ని పోగు చేసింది నేనే కాబట్టి నాకు కలెక్టరు కుర్చీ ఇచ్చింది. నిజంగా కుర్చీనే, హెడ్మాస్టరుది. చేతుల కుర్చీలో కూర్చుంటే వెన్నెముక దానంతటదే నిటారుగా అయిపోతుందని అప్పుడు తెలిసింది. చెరువు తూము షట్టరు పెద్దరైతుకు ఇచ్చింది. చెరువు కింద పొలాలున్న ముసలాయన, నేను పెదనాయనా అని పిలుస్తాను. పాస్టరమ్మకు మైకు. మా అత్త తన ఇంట్లో తనే. మిగతా వీధి వాళ్లు చుట్టూ కూర్చుని తమ తమ బొమ్మలు పట్టుకున్నారు.

వాన మొదలైంది. పైన బాగా కురుస్తోంది, ఇప్పుడే తూము తెరిచి కొంచెం కొంచెం వదిలితే కట్టకు ఇబ్బంది ఉండదు అని ఆ పాప అంది. పెద్దరైతు షట్టరు బిళ్ల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఇంకా కురిసింది. చెయ్యి తీయలేదు. కలెక్టరుగా నేను తెరవమని ఆర్డరు వేశాను. ఆయన నా వైపు కూడా చూడకుండా ఆ పాపతో అన్నాడు.

"ఏంది పాపా, ఇన్నాళ్లకు వచ్చిన నీళ్లను నా చేత్తో నేను కిందికి ఇడిసిపెట్టమంటాండావా?"

"వదలకపోతే కట్ట తెగుతుంది తాతా. ఇది ఆట."

"ఆటయితే మాత్రం. నీళ్లు నీళ్లే గదా."

కట్ట తెగింది. ఆ పాప చెరువు కింద గుప్పెళ్లతో నీలం బిళ్లలు పోసింది. ఆయన పొలాలు కూడా మునిగాయి. ముసలాయన మొహంలో దిగులే లేదు. ఆ నీలం అంతా చూసి, చెరువైతే నిండింది కదా అని తృప్తిగా అన్నాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు ఇద్దరు చెరువు నిండిందని విని తమ బొమ్మలను కట్ట మీదికి నడిపించారు. ఎందుకమ్మా అటు అంటే, నీళ్లు చూడటానికి అన్నారు. నీళ్లు వస్తే పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకోవద్దా అని ఆ పాపనే తిరిగి అడిగారు. వరద వచ్చే వైపుకే మనుషులు నడిచిపోతే ఏం చేయాలో కంప్యూటరులో లేదట. ఆ పాప నోరు తెరిచి కాసేపు వాళ్లను చూసి, గబగబా ఏదో కొట్టుకుంది. ఆ పాపకు కోపం రాలేదు, సంబరం వచ్చింది. నాకు ఆ పిల్ల మీద ఇష్టం అప్పుడే పుట్టింది.

ఈలోపల పాస్టరమ్మ మైకులో పిలిచింది. మైకు అంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా పిలవడమే. బొమ్మలన్నీ చర్చి ఎక్కాయి. మా అత్త బొమ్మ ఒక్కటి మా ఇంటి చదరంలో అట్లాగే ఉంది. నీలం బిళ్లలు వేపచెట్టు దాకా వచ్చాయి.

కుర్చీలోంచి ముందుకు వంగి నేను, "కలెక్టరుగా చెప్తాండా, బయటికి రా అత్తా" అన్నాను.

"కలెక్టరువైతే కలెక్టరాఫీసులో కూచో. వచ్చేటప్పుడు గ్యాసు ఆపినావా లేదా, ముందు అది చెప్పు."

గది గదంతా నవ్వింది. నాకైతే ఆ తర్వాత వాన ఎంత పడిందో గుర్తులేదు. కలెక్టరు ధ్యాసంతా గ్యాసు మీదే.

మా ఇంటి మీద బిళ్ల పడింది. మా అత్త బొమ్మను ఆ పాప మెల్లగా పడుకోబెట్టింది. అట్లా పడుకోబెడుతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఉత్త చెక్క ముక్కే. అయినా అది మట్టి గోడ వైపుకే పడింది.

ఎందుకు రాలేదు పెద్దమ్మా అని ఆ పాప అడిగింది. పిలవలేదు అంది మా అత్త. పాస్టరమ్మకు రోషం వచ్చింది.

"మైకులో పిలిచినాను గదా. అందరూ ఇన్నారు."

మా అత్త పాస్టరమ్మ వైపు తిరగలేదు. ఆ పాప వైపే చూస్తూ జవాబు చెప్పింది.

"పాపా, ఆమెకు చెప్పు. మేక తప్పిపోతే మైకులో చెప్తారు. రేషను బియ్యం వచ్చినాయని చెప్తారు. మనిషిని పిలిచేది మైకులోనా?"

ఎవరూ నవ్వలేదు. ఊరందరికీ తెలుసు అది వరద మాట కాదని. తెలియనిది ఆ పాప ఒక్కదానికే. ఆమె కంప్యూటరు చూసి, ఇల్లు వదలకపోవడానికి కారణాలు నాలుగు ఉన్నాయి, అందులో మీది హెచ్చరిక వినపడలేదు అనే దాని కింద పెడతాను అంది.

"అంటే నాకు చెవుడని రాసుకుంటాండావా?"

"కాదు పెద్దమ్మా, మరి నమ్మలేదు అని పెట్టనా?"

"నమ్మినా. వాన నాకు కనపడ్తాండాది గదా. పిలవలేదు అని పెట్టు."

ఆ పాప కొత్త గడి ఒకటి చేసి అందులో పిలవలేదు అని రాసింది. చదివి వినిపించమంది మా అత్త. వినిపించాక తల ఊపింది.

సరిగ్గా అప్పుడే బయట నీళ్ల ట్యాంకరు హారను మోగింది. ఎండాకాలంలో మాకు ఆ హారను వినపడితే మెలకువగా ఉన్నవాళ్లు పరిగెత్తుతారు, నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తుతారు. వరదలో మునిగినవాళ్లు, తేలినవాళ్లు అందరూ లేచి బిందెల కోసం ఉరికారు. కలెక్టరు కూడా ఉరికింది. గ్యాసు ఆపే ఉంది. తిరిగి వచ్చేసరికి ఆ పాప ఖాళీ గదిలో, ఊరంతా మునిగిన ఫ్లెక్సీ పక్కన ఒంటరిగా కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటోంది. మిరపకాయ బజ్జీ ఘాటుకు కళ్లలో నీళ్లు. ఈసారి మనుషులను మార్చి ఆడదాం అంది.

చీటీలు తీయించింది. మైకు మా అత్తకు పడింది. వంక పక్కన మా ఇల్లు పాస్టరమ్మకు పడింది. గదిలో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను చీటీలు మార్చేద్దామా అన్నట్టు ఆ పాపకు కనుసైగ చేశాను. ఆ పిల్లకు సైగలు తెలియవు. ఏంటక్కా అని గట్టిగా అడిగింది.

వాన మొదలైంది. అందరూ మా అత్త చేతి వైపు చూశారు, నోటికి అడ్డం పెట్టుకుంటుందేమోనని. మా అత్త తన బొమ్మను చర్చిలోంచి దించి నడిపించింది. మొదటి ఇంటి ముందు ఆపి ఆ ఇంటామెను పేరు పెట్టి పలకరించింది. ఆరోగ్యం అడిగింది. కోడలి నెలలు అడిగింది. అప్పుడు, వాన పెద్దదైతాండాది, పిల్లాజెల్లతో చర్చి కాడికి రావాల, తప్పకుండా రావాల అని చెప్పింది. ఆ పాప గడియారం చూసి, పెద్దమ్మా ఒక్కో ఇంటికి ఇంతసేపైతే నీళ్లు వచ్చేస్తాయి అంది. నిలబడి పిలిచి పోతే అప్పులోడనుకుంటారు పాపా అని మా అత్త రెండో ఇంట్లో కూర్చుంది. ఉత్త చాప మీదనే కూర్చుని ఉన్నా, రెండో ఇంట్లో కూర్చున్నట్టు కాస్త సర్దుకుంది.

పిలిచిన ఇంటివాళ్లందరూ మహా సంతోషంగా బొమ్మలు పట్టుకుని చర్చి ఎక్కారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఆ పాప అది కూడా రాసుకుంది. కానీ ఇళ్లు ఎక్కువ, వాన ఎక్కువ, అత్త ఒక్కతే. కింది వీధిలోకి దిగగానే మొదట వచ్చేది మా ఇల్లే. పాస్టరమ్మ బొమ్మ అక్కడ ఎదురు చూస్తోంది. మా అత్త బొమ్మ దాని ముందు నుంచి, చీర కొంగు తగలనంత దూరంగా, అవతలి ఇంటికి పోయింది.

పాస్టరమ్మ మొదట నవ్వింది. రానీలే, తిరిగి వచ్చేటప్పుడు పిలుస్తుందిలే అన్నట్టు కూర్చుంది. మా అత్త ఇంకో ఇంటికి పోయింది. నీలం బిళ్లలు వేపచెట్టు దగ్గరికి వచ్చాయి. పాస్టరమ్మ నవ్వు ఆగింది. మెడ చాచి చూసింది. చర్చిలో ఉన్న బొమ్మలను చూసింది, వంకను చూసింది. నువ్వే నడిచిపోవచ్చు కదమ్మా, వరద అని నీకు తెలుసు కదా అని ఆ పాప అడిగింది. పాస్టరమ్మ బొమ్మ మీద వేలు పెట్టి కూడా జరపలేదు.

"అందరినీ పిలిచి నన్నొక్కదాన్నే పిలవకపాయె. ఎట్ల పోతాను పాపా?"

ఆ మాట అన్నాక తనకే వినపడినట్టుంది. నోరు మూసుకుంది. బిళ్ల మా ఇంటి మీద పడింది. అదే వరసలో వీధి చివర ఇంకా పిలుస్తూ తిరుగుతున్న మా అత్త మీద కూడా పడింది. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కనే పడుకున్నాయి. ఆట అయిపోయాక ఆ పాప బొమ్మలన్నీ డబ్బాలో వేసుకుంటుంటే ఒకటి తక్కువ వచ్చింది. పాస్టరమ్మ పిడికిట్లో ఉంది. అడిగేదాకా ఇవ్వలేదు.

ఇక అంతా సర్దుకుంటుందని నేను సంబరపడ్డాను. ఏమీ సర్దుకోలేదు. నేను జాకెట్ల కొలతలకని పోయి పాస్టరమ్మతో మెల్లగా కదిపాను, ఒక్కసారి వచ్చి పలకరించి పోతే ఏం పోతుందమ్మా అని. నేను పోతే ఆమె మొహం తిప్పుకుంటే నా మొహం యాడ పెట్టుకోవాల అంది. ఇంటికి వచ్చి అత్తతో అంటే, అదేదో ఆటలో నేను చచ్చింది చాలదా, బతికి కూడా ఆమె కాళ్లు పట్టుకోవాల్నా అంది. ఇద్దరి మధ్య నేను దారం లేని సూదిలా తిరిగాను. ఎండలు పోయాయి, చెనక్కాయ పీకడమూ అయిపోయింది. వెనక గోడకు నేనే మట్టి మెత్తాను. మెత్తుతుంటే అడుగున వేలు లోపలికి దిగింది.

కార్తీకంలో తుపాను పట్టింది. రెండు రోజులు తెరిపి లేదు. మూడో రోజు పొద్దున పెద్దరైతు ఫోను చేసి, అమ్మాయ్, మరవ పారుతాండాది, వచ్చి చూడు ఎంత బాగుండాదో అన్నాడు. గొడుగు వేసుకుని కట్ట మీద నిలబడి ఊరందరికీ ఫోన్లు చేస్తున్నాడు. తూము తెరిచారా పెదనాయనా అని అడిగితే, తెరిచినాలే, మళ్లీ ఆ పాప బిళ్లలు పోస్తాదేమోనని అన్నాడు.

కాసేపటికి చర్చి మైకు మోగింది. కింది వీధి వాళ్లందరూ రావాలి, వెంటనే రావాలి. వీధి కదిలింది. చాపలు, బిందెలు, కోళ్లు. మా వాకిట్లో నీళ్లు అప్పటికే చీలమండ దాకా ఉన్నాయి. నేను మిషను తల ఊడదీసి అటక మీద పెట్టి, అత్త ముందు నిలబడ్డాను. ఆమె తన చోట్లో, వెనక గోడకు ఆనుకుని, విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. కలెక్టరు కుర్చీ లేదు, ఏమీ లేదు. దండం పెట్టాను. తిట్టాను. నీ కొడుక్కు ఏం చెప్పుకోవాలి అని ఏడ్చాను. ఎర్రగుంట్లకు ఫోను కలపబోతే సిగ్నలు లేదు.

"నువ్వు పోమ్మే. నీకేం అడ్డం లేదు గదా. నేను పిలవని కాడికి పోను."

అప్పుడు మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, కరెంటు ఉంది. మైకు పట్టుకున్న మనిషే వచ్చిన వాళ్లను ఒకసారి చూసుకుని, మైకు కింద పెట్టి దిగి వచ్చింది.

వీధి మలుపులో యూరియా సంచి నెత్తిన కప్పుకుని ఒక మనిషి మోకాలి లోతు నీళ్లలో వస్తోంది. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. పాస్టరమ్మ. మా వాకిట్లోకి, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చి, వెనక నీళ్ల చప్పుడు విని, ఆయాసంతో అంది, బిన్నా లెయ్యక్కా, టైము లేదు అని. మా అత్త చెనక్కాయ ఒలవడం ఆపలేదు. పాస్టరమ్మ నన్ను చూసింది. గోడను చూసింది. అప్పుడేం గుర్తొచ్చిందో, నీళ్లు కారుతున్న సంచి తీసి పక్కన పెట్టి, వంటింట్లోకీ వచ్చేసిన నీళ్లలోనే చెప్పులు కింద పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

"బాగుండావా అక్కా" అంది.

"ఉండాం" అంది మా అత్త. ఇన్నాళ్లకు నేరుగా ఆమె వైపు చూసి చెప్పిన మాట. తర్వాత నా వైపు తిరిగి, "నీళ్లియ్యి" అంది.

ఇంటి చుట్టూ నీళ్లే. నేను చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. పాస్టరమ్మ మర్యాదగా తాగింది. తాగుతుంటే ఆమె చెప్పు ఒకటి తేలుకుంటూ గడప దాటి బయటికి పోయింది. ఆమె చూసి కూడా చూడనట్టు కూర్చుంది. కవరు తీసి మా అత్త చేతిలో పెట్టింది. అందులో రెండు అరటిపండ్లు, వానలో నల్లబడి ఉన్నాయి.

"అక్కా, పెండ్లి ఎట్లో అయిపాయ. అది మైకులో చెప్పేది కాదు, నాకు తెలిసింది. ఈ పొద్దు మీరంతా మా చర్చి కాడికి రావాల. నువ్వు రాకపోతే నేను ఈడనే కూచుంటా."

మా అత్త అరటిపండ్ల కవరు చూసుకుంది. పండ్లు బయటికి తీసి కొంగుతో తుడిచి, నల్లబడిన చోట వేలితో నొక్కి చూసింది. ఆ తర్వాత, "కోడలిని గూడ పిలువు" అంది.

నువ్వూ రావాలమ్మా అని పాస్టరమ్మ నన్ను పిలిచింది. వస్తానమ్మా అన్నాను. 

ఇక పరిగెత్తడమే అనుకున్నాను. మా అత్త లేచి పెట్టె తెరిచింది. పిలిచిన చోటికి ఇంటి చీరతో పోతారా. అడుగున ఉన్న పట్టుచీర తీసి, మేమిద్దరం అత్తా, అక్కా అంటుంటే కుచ్చిళ్లు సరిచేసుకుని కట్టుకుంది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. గడప దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఏమైంది అంటే, ఖాళీ చేతులతో ఎట్లా పోతాము అంది. ఇల్లంతా కలియచూసి, ఉట్టి మీదున్న తీపి గుమ్మడికాయ దించి నా చంకకు ఎత్తింది. మిషను తలను అటక మీద వదిలేసి, గుమ్మడికాయను మోసుకుంటూ నేను వరదలో నడిచాను. ముందు పట్టుచీర, వెనక ఒంటి చెప్పు పాస్టరమ్మ, మధ్యలో గుమ్మడికాయతో నేను. కట్ట మీద నుంచి పెద్దరైతు చూసి, ఈ వానలో ఏ పెండ్లికి పోతాండారమ్మా అని కేకేశాడట. మాకు వినపడలేదు.

చర్చిలో మా అత్త ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. చిత్రాన్నం పెడితే ఉప్పు తక్కువైందని చెప్పి, గుమ్మడికాయ కూర వండించి అందరికీ వడ్డించింది. తిన్నాక పాస్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పెండ్లి ఫోటోలు యాడుండాయి, తీసుకురా చూస్తాము అంది. పాస్టరమ్మ ఆల్బం తెచ్చింది. బయట వాన, లోపల మా అత్త ఒక్కో పేజీ తిప్పుతూ ఆ పెళ్లికి ఆలస్యంగా హాజరైంది. పెండ్లికొడుకు కొంచెం పొట్టిగా ఉండాడు, అయినా మొహం మంచిది అని తేల్చింది. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ, నేను కూడా అదే అన్నానక్కా, ఎవరు ఇన్నారు అంది.

నీళ్లు తగ్గాక ఇంటికి పోయాం. వంటింటి గోడ లేదు. చెనక్కాయలు ఒలిచే చోటు మీద మట్టి గుట్ట. దాని కింద పీట ముక్కలయి ఉంది. మా అత్త గుట్ట ముందు పట్టుచీరతోనే నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. తర్వాత వదిలేసి, ఇత్తనం చెనక్కాయలన్నీ పాయెనే అంది. మిషను తల అటక మీద క్షేమంగా ఉంది. కాకపోతే అప్పటి నుంచి కీచుమంటుంది.

విషయం తెలిసి కాలేజీ పాప ఫోను చేసింది. అందరూ బాగున్నారా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. తర్వాత, అయితే ఇకనుంచి పెద్దమ్మ మైకు వినగానే బయలుదేరుతుందా అక్కా, రాసుకుంటాను అంది. ఫోను మా అత్తకు ఇచ్చాను.

"యాడిది పాపా. ఆ పిలుపు ఆ వానకే. మళ్లీ వానకు మళ్లీ పిలవాల."

సిమెంటు గోడ లేచింది. నా మొగుడు దగ్గరుండి కట్టించాడు. పాస్టరమ్మకు మాత్రం కొత్త పని తగులుకుంది. ఇప్పుడు మబ్బు పడితే చాలు, మైకు పట్టుకునే ముందు మా ఇంటికి దిగి రావాలి, కూర్చోవాలి, నీళ్లు తాగాలి. రెండు చుక్కలు రాలి ఆగిపోయిన రోజు కూడా వచ్చి, ఊరికే తిప్పుతాండావక్కా నన్ను అని సణుక్కుంటూ కాఫీ తాగి పోయింది. వాన వాసన రాగానే వీధిలో అందరూ వంక వైపు చూస్తారు. మా అత్త పెట్టెలోంచి పట్టుచీర తీసి దులిపి, గడపలో కూర్చుని, చర్చి దోవ వైపు చూస్తుంది.